పెరూ బంగారు నాణేలు సేకరించడం ఎలా: లిబ్రా నుంచి ఎనిమిది ఎస్కుడోల దాకా

కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ బంగారం లెక్క కాసుల్లో చెబుతారు. కాసంటే ఎనిమిది గ్రాములు. బ్రిటిష్ సవరన్ బరువు 7.988 గ్రాములు, 22 కేరట్లు. అంటే మన కాసుకు వెంట్రుకవాసి తక్కువ. సరిగ్గా అదే బరువుతో, అదే నాణ్యతతో 1898లో పెరూ రాజధాని లిమాలోని టంకశాల ఒక నాణెం వేయడం మొదలుపెట్టింది. దాని పేరు లిబ్రా. విలువ పెరూ డబ్బులో పది సోళ్లు. దక్షిణ అమెరికా బంగారు నాణేలు సేకరించాలనుకునే తెలుగువాళ్లకు ఇంతకంటే తేలికైన గుమ్మం లేదు. తూకం మన చేతికి అలవాటైనదే, అక్కడక్కడా దొరుకుతూనే ఉంటుంది, మొదటి నాణేనికే ఆస్తులు అమ్ముకోనక్కర్లేదు.

పెరూలో మూడు రకాల బంగారం ఉంది: స్పెయిన్ రాజుల కాలపు ఎస్కుడోలు, లిబ్రాలు, ఇరవయ్యో శతాబ్దపు పెద్ద సోళ్లు. మూడింటికీ కొనే పద్ధతి వేరు, మోసం జరిగే తీరు వేరు. కింద చెప్పిన వరసలోనే వెళ్లండి. చాలామంది ముందు కొని తర్వాత తూస్తారు. డబ్బు పోయేది అక్కడే.

1. ఏ గుమ్మంలోంచి వెళ్లాలో ముందు తేల్చుకోండి

కొత్తవాళ్లు లిబ్రాతో మొదలుపెట్టండి. అసలు లిబ్రా కంటే ముందు దాని ఐదో వంతు నాణెం ఇంకా మంచిది. 1.6 గ్రాముల చిన్న బిళ్ల, అడ్డంగా 14 మిల్లీమీటర్లు. లిబ్రా 1898 నుంచి, అర లిబ్రా 1902 నుంచి, ఐదో వంతు 1906 నుంచి 1969 దాకా వచ్చాయి. మధ్యలో వేయని సంవత్సరాలు ఉన్నాయి కాబట్టి ప్రతి ఏడాదిదీ దొరుకుతుందని లెక్క వేసుకోకండి. ఈ మూడు సైజులూ ఒక్కొక్కటి కూర్చుకుంటే చిన్నదే అయినా నిండైన సేకరణ అవుతుంది.

రెండో గుమ్మం సోళ్లు. 1950 నుంచి 1970 దాకా వచ్చిన కూర్చున్న స్వేచ్ఛాదేవి బొమ్మ నాణేల్లో పెద్దది 100 సోళ్లది: 46.807 గ్రాములు, దాదాపు ఆరు కాసులు. చేతిలో పడగానే బరువు తెలుస్తుంది. ఇది పెట్టుబడి బంగారంలా దొరుకుతుంది. కానీ కొన్ని సంవత్సరాలవి మాత్రం అసాధారణంగా తక్కువగా వేశారు. 1965లో 23,000 వేస్తే, 1958లో 101 మాత్రమే వేశారు. 1952లో 126. పక్కపక్కన పెడితే బొమ్మలో తేడా ఏమీ కనిపించదు, తేడా అంతా తేదీలో ఉంది. అమ్మేవాళ్లకు తెలియక మామూలు ధరకు ఇచ్చేయడం అరుదు. కొనేవాళ్లకు తెలియక మామూలు సంవత్సరానికి అరుదైన నాణెం ధర పెట్టడం మాత్రం తరచూ జరుగుతుంది.

మూడోది ఎస్కుడోలు, ముఖ్యంగా 27.07 గ్రాముల ఎనిమిది ఎస్కుడోల నాణెం. ఇది అసలైన చరిత్ర, అసలైన ప్రమాదం కూడా. కనీసం పది లిబ్రాలు చేతిలో తిప్పి చూశాకే ఇటువైపు రండి.

2. సామాను

ఐదు వస్తువులు చాలు. 0.01 గ్రాము దాకా చూపే డిజిటల్ కాటా ఒకటి. చిన్న నాణేలకు 0.001 గ్రాము దాకా చూపేది ఇంకొకటి. కాటాతోపాటు వచ్చే తూకపు రాళ్లతో నెలకోసారి సరిచూసుకోండి, ఏసీ గాలి కింద తూయకండి. డిజిటల్ వెర్నియర్ కాలిపర్ ఒకటి. దాని ఇనుప దవడలు నాణేన్ని గీస్తాయి కాబట్టి దవడలకు పల్చటి కాగితం అడ్డం పెట్టి కొలిచి, కాగితం మందం తీసేయండి. పది రెట్లు పెద్దగా చూపే కంసాలి భూతద్దం. ఒక గాజు గ్లాసు, సన్నటి నైలాను దారం. అయస్కాంతం కూడా ఉంచుకోవచ్చు గానీ దాన్ని నమ్ముకోవద్దు. ఇనుము ఉంటే పట్టిస్తుంది, అంతే. సీసం, ఇత్తడి, టంగ్‌స్టన్ దాని కంట పడవు.

3. తూకం, నీళ్ల పరీక్ష

ముందు ఈ బరువులు ఒక అట్ట మీద రాసి జేబులో పెట్టుకోండి. మొదటి అంకె మొత్తం బరువు, రెండోది అందులోని మేలిమి బంగారం, రెండూ గ్రాముల్లో:

లిబ్రా: 7.988, 7.322
అర లిబ్రా: 3.994, 3.661
ఐదో వంతు లిబ్రా: 1.598, 1.464
5 సోళ్లు (1956 తర్వాతవి): 2.340, 2.106
10 సోళ్లు (1956 తర్వాతవి): 4.681, 4.213
20 సోళ్లు (1950 తర్వాతవి): 9.361, 8.425
50 సోళ్లు, స్వేచ్ఛాదేవి: 23.404, 21.063
50 సోళ్లు, ఇంకా (పెరూ ప్రాచీన జాతి) మనిషి తల: 33.436, 30.09
100 సోళ్లు: 46.807, 42.126
8 ఎస్కుడోలు, 1786 తర్వాతవి: 27.07, 23.68

లిబ్రా కుటుంబం 22 కేరట్లు. సోళ్లన్నీ వెయ్యికి 900 పాళ్లు. ఎస్కుడోల సంగతి కాలాన్ని బట్టి మారుతుంది. మొదట్లో 22 కేరట్లు ఉండేది, 1772లో 901 పాళ్లకు, 1786లో 875 పాళ్లకు దించారు. బరువు మాత్రం మార్చలేదు. కాబట్టి 1770 నాటి నాణేనికీ 1790 నాటి నాణేనికీ తూకం ఒకటే అయినా బంగారంలో గ్రాము పైచిలుకు తేడా ఉంటుంది. ధర కట్టేటప్పుడు ఇది మరిచిపోతారు.

ఈ పట్టికలో ఒక ఉచ్చు ఉంది. 50 సోళ్లు రెండు రకాలు. ఇంకా తల ఉన్నది 1930, 1931లో వచ్చింది, మళ్లీ 1967 నుంచి 1969 దాకా అదే బొమ్మతో వేశారు; బరువులో అది అమెరికా ఇరవై డాలర్ల నాణేనికి సరిజోడు. స్వేచ్ఛాదేవి ఉన్నది పది గ్రాములు తక్కువ. రెండింటి మీదా 50 అనే ఉంటుంది. పైగా 1967–69 తేదీలతో రెండు రకాలూ ఉన్నాయి. ఫొటో లేకుండా ‘50 సోళ్లు, 1967’ అని ఎవరైనా ధర చెబితే బరువెంతో అడగకుండా జవాబివ్వకండి. 20 సోళ్లదీ ఇదే కథ: 1863 నాటిది 32.26 గ్రాములు, 1950 తర్వాతది 9.36.

తూకంలో ఎంత తేడాను ఒప్పుకోవాలి? వాడకంలో అరిగిన లిబ్రా 7.95 దాకా రావచ్చు. అంతకంటే బాగా తగ్గితే అంచు గీకారేమో చూడండి. 8.00 దాటితే ఇంకా గట్టిగా అనుమానించండి, ఎందుకంటే నాణేలు అరుగుతాయి గానీ పెరగవు. ఎక్కువ బరువంటే చాలాసార్లు టంకం మిగిలిపోయిందని అర్థం. ఆ సంగతి కింద వస్తుంది.

ఇప్పుడు నీళ్ల పరీక్ష. గ్లాసులో మూడింట రెండు వంతులు నీళ్లు పోసి కాటా మీద పెట్టండి. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేయండి, నాణేనికి బుడగలు అంటుకోకుండా ఉంటాయి. అప్పుడు కాటాను సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా దించండి. అడుగుకు, గోడకు తగలకూడదు. కాటా మీద ఇప్పుడు కనిపించేది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగించండి.

100 సోళ్ల నాణేనికి కాటా 2.72 చూపాలి. 46.81ని 2.72తో భాగిస్తే 17.2. వెయ్యికి 900 పాళ్ల బంగారానికి రావాల్సిన సాంద్రత అదే, 17.2 నుంచి 17.3. లిబ్రాకు 17.6 నుంచి 17.8 రావాలి. 875 పాళ్ల ఎస్కుడోలకు 16.9 నుంచి 17.4 మధ్య ఎక్కడైనా రావచ్చు, ఎందుకంటే కలిపిన లోహంలో వెండి ఎంత, రాగి ఎంత అన్నది పోతను బట్టి మారేది.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. నాణెం అడుగుకు తగిలితే దాని బరువు కూడా కాటా మీద పడి అంకె పెరిగిపోతుంది, సాంద్రత పదికో పన్నెండుకో పడిపోయి మంచి నాణెం నకిలీలా కనిపిస్తుంది. బుడగ అంటుకున్నా అదే వైపు తప్పు, కాకపోతే చిన్నది. మూడోది కాటా చాలకపోవడం. లిబ్రా నెట్టే నీరు 0.45 గ్రాములే, 0.01 చూపే కాటాలో అది 0.44 చూపితే సాంద్రత 18.2, 0.46 చూపితే 17.4. ఒక్క అంకె అటూ ఇటూ అయితే తీర్పే మారిపోతుంది. అందుకే చిన్నవాటికి 0.001 కాటా అన్నది. మూడుసార్లు చేసి సగటు తీయండి.

సైజునూ బరువునూ కలిపి చూస్తేనే నకిలీ దొరుకుతుంది. 100 సోళ్ల సైజులోనే సీసం మీద బంగారు పూత పూస్తే బరువు 31 గ్రాములు దాటదు, ఇత్తడి అయితే 23 దగ్గరే ఆగిపోతుంది. టంగ్‌స్టన్ అయితే కాస్త ఎక్కువ తూగుతుంది, బరువు సరిపెట్టడానికి పలచగా చేయాల్సి వస్తుంది. కాలిపర్‌లో మందం చెబుతుంది. ఒకప్పుడు ప్లాటినానికి విలువ లేని రోజుల్లో స్పెయిన్ బంగారు నాణేలకు ప్లాటినం మీద బంగారు పూతతో నకిలీలు చేసేవాళ్లు. వాటి సాంద్రత 21 దాకా వెళ్తుంది. ఈ రోజుల్లో అలాంటి పాత నకిలీలనే ఏరి సేకరించేవాళ్లున్నారు.

4. నాణేన్ని చదవడం

తూకం సరిపోయిందంటే లోహం సరైనదని మాత్రమే. సవరన్ తరహా నాణేలకు అసలు బంగారంతోనే నకిలీలు చేసిన చరిత్ర ఉంది. కాబట్టి తర్వాతి పని కంటితో.

లిబ్రాను కిటికీ దగ్గర పక్క వెలుగులో పెట్టి భూతద్దంలో చూడండి. ఒకవైపు తలకు పట్టీ కట్టిన ఇంకా ముఖం, చుట్టూ ‘వెర్దాద్ ఇ హుస్తీసియా’, అంటే సత్యం, న్యాయం. రెండోవైపు పెరూ రాజముద్ర: డాలు మీద వికూన్యా అనే చిన్న ఒంటె జాతి జంతువు, సింకోనా చెట్టు, కిందిభాగంలో నాణేలు రాలుస్తున్న కొమ్ము, డాలు పైన కిరణాలు విరజిమ్మే చిన్న సూర్యుడు. మంచి నాణెంలో ఆ కిరణాలు ఒక్కొక్కటీ విడిగా, సూదిమొనలా ఉంటాయి. నకిలీలో అవి ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయి ముద్దగా కనిపిస్తాయి. అక్షరాల మొదళ్లు చూడండి: అచ్చు కొట్టిన నాణెంలో అక్షరం నేల నుంచి నిటారుగా లేస్తుంది, పోతపోసిన దాంట్లో మైనం కారినట్టు వాలుగా ఉంటుంది. నేల మీద చిన్న చిన్న మొటిమల్లాంటి బుడిపెలు కనిపించినా, ఒకే చోట ఒకే గుంట రెండు నాణేల్లో కనిపించినా రెండింటినీ పక్కన పెట్టేయండి.

అరుగుదల ముందుగా కనిపించేది బొమ్మలో ఎత్తుగా ఉన్న చోట్ల. లిబ్రాలో చెంప, తలపట్టీ. స్వేచ్ఛాదేవిలో మోకాలు, రొమ్ము. రాజుల నాణేల్లో చెవిపైన జుట్టు ముంగురులు. అక్కడ మెరుపు పోయి మందంగా ఉంటే అరిగిందన్నమాట. అమ్మేవాళ్లు ‘అన్‌సర్క్యులేటెడ్’ అన్నా ఆ మాటను ఈ మూడు చోట్లా సరిచూసుకోండి.

తేదీ పక్కనో కిందో ఉండే చిన్న అక్షరాలే పెరూ నాణేల ప్రాణం. టంకశాలలో బంగారం నాణ్యతకు పూచీపడ్డ పరీక్షాధికారుల పొడి అక్షరాలవి. తేదీకి అక్షరాలు సరిపోకపోతే మిగతావన్నీ ఎంత బాగున్నా లాభం లేదు. రాజుల కాలపు లిమా నాణేల్లో ఐ.జె. అక్షరాలు 1787 నుంచి 1803 దాకా, జె.పి. అక్షరాలు 1803 నుంచి 1823 దాకా. 1795 తేదీతో జె.పి. అని ఉంటే మారుమాట లేకుండా తిప్పి ఇచ్చేయండి. లిమా గుర్తు కూడా ఒక అక్షరం కాదు, ఊరి పేరులోని అక్షరాలన్నీ ఒకదానిమీద ఒకటి పేనిన ముడి. నకిలీలు చేసేవాళ్లు ఈ ముడి దగ్గరే ఎక్కువగా తడబడతారు.

కానీ ప్రతి పొంతన లేని నాణెమూ నకిలీ కాదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. స్పెయిన్ రాజు మూడో కార్లోస్ 1788 డిసెంబరులో చనిపోయాడు. కొత్త రాజు బొమ్మ సముద్రం దాటి లిమాకు చేరేదాకా ముద్రలు ఆగలేదు. నాలుగో కార్లోస్ పేరు పెట్టి, పాత రాజు ముఖంతోనే కొట్టారు. 1789 నుంచి రెండేళ్లపాటు వచ్చిన ఆ నాణేలు అసలైనవే, అడిగి కొనుక్కునేవాళ్లు కూడా ఉన్నారు. ఏడో ఫెర్నాండో గద్దెక్కినప్పుడూ ఇంతే. 1808 తర్వాత లిమాలో ఆయన్ను ఎన్నడూ చూడని చేతులు ఊహించి చెక్కిన ముఖం నాణేల మీదికెక్కింది. 1821 జులై 28న స్వాతంత్ర్యం ప్రకటించాక కూడా రాజు పేరుతో నాణేలు వచ్చాయి. లిమా చేయి జారిపోయాక రాజు పక్షంవాళ్లు కుస్కోలో 1824లో బంగారం కొట్టారు. ఆ ఏడాది డిసెంబరు 9న అయకూచో యుద్ధంతో అదీ ముగిసింది.

రిపబ్లిక్ ఎస్కుడోలు 1826 నుంచి. వాటి మధ్యలో చాలా కొద్దికాలం నడిచిన పెరూ–బొలీవియా సమాఖ్య నాణేలున్నాయి. 1837, 1838 తేదీలతో కుస్కోలో కొట్టిన దక్షిణ పెరూ ఎనిమిది ఎస్కుడోల మీద మనిషి ముఖమున్న సూర్యుడు ఉంటాడు. పెరూ బంగారంలో అంత అందమైనది మరొకటి లేదు. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

ఇక 1696 నుంచి 1750 దాకా లిమాలో సుత్తితో కొట్టిన నాణేలు. ఇవి గుండ్రంగా ఉండవు, ఒక్కొక్కటీ ఒక్కో ఆకారం. ఒకవైపు అడ్డూ నిలువూ శిలువ, దాని నాలుగు గళ్లలో కోటలు, సింహాలు. రెండోవైపు అలల మీద రెండు స్తంభాలు, గళ్లుగళ్లుగా అక్షరాలు: పై వరసలో ఎడమ నుంచి ఎల్, 8, పరీక్షాధికారి అక్షరం, మధ్య వరసలో పి, వి, ఎ, అంటే స్పెయిన్ నినాదం ‘ప్లస్ అల్ట్రా’ పొడి అక్షరాలు, దాని కింద తేదీలోని చివరి మూడంకెలు. 1715 జులై చివర్లో ఫ్లోరిడా ఒడ్డున తుఫానులో మునిగిన స్పెయిన్ ఓడల నుంచి వీటిలో అప్పటిదాకా కొట్టినవి దొరికాయి. బంగారాన్ని ఉప్పునీరు తినదు కాబట్టి సముద్రంలో దొరికిన వాటికీ తూకం 27 గ్రాముల దగ్గరే ఉండాలి. సముద్రంలో కరిగి బరువు తగ్గిందని ఎవరైనా చెబితే అది వెండి కథ, బంగారానికి వర్తించదు. ఈ రకాన్ని విడిగా, కాగితం లేకుండా, ఎంత నమ్మకస్తుడి దగ్గరైనా కొనకండి. నాణేలు పరీక్షించే సంస్థలైన ఎన్‌జీసీ గానీ పీసీజీఎస్ గానీ పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసినదే తీసుకోండి. పెట్టె మీది నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోను మీ చేతిలోని నాణెంతో గీత గీతకూ పోల్చండి. నకిలీ పెట్టెలూ వస్తున్నాయి. అసలు నంబరే వాటి మీద వేస్తారు, లోపలి నాణెమే వేరుగా ఉంటుంది.

5. కాసులపేరు జబ్బు

మన ఇళ్లలో కాసులపేరు ఉన్నట్టే దక్షిణ అమెరికాలోనూ, ఐరోపాలోనూ బంగారు నాణేలకు కొక్కెం అతికించి మెడలో వేసుకున్నారు. తర్వాత ఆ కొక్కెం తీసి, అరగదీసి అమ్ముతారు. నాణెం అసలుదే, సేకరణ విలువ మాత్రం పోయింది, ఇక కరిగించే ధరే.

పట్టుకోవడం కష్టం కాదు. నాణేన్ని రెండు వేళ్ల మధ్య అంచుతో పట్టుకుని, భూతద్దం కింద నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. అంచు గీతలు చుట్టూ ఒకే ఎడంతో నడవాలి. తల పైభాగాన, గడియారంలో పన్నెండు ఉండే చోట, గీతలు ఆగిపోయి మూడు నాలుగు మిల్లీమీటర్లు నున్నగా ఉన్నాయా? అక్కడ రంగు కాస్త పాలిపోయిందా? అది టంకం. ఉంగరంలో బిగించిన నాణేనికి అంచు లోపలి వైపున సన్నటి వలయం గీత ఉంటుంది, నాలుగు చోట్ల పంజా గుర్తులు ఉంటాయి. ఆన్‌లైన్‌లో అంచు ఫొటో పెట్టనివాళ్లను అడగండి. అడిగినా పంపకపోతే వదిలేయండి.

6. ధర కట్టడం

నగకు మజూరీ, తరుగు ఉన్నట్టే నాణేనికి ప్రీమియం ఉంటుంది. ఆ రోజు మేలిమి గ్రాము ధరను పై పట్టికలోని రెండో అంకెతో గుణించండి, అది కరిగిస్తే వచ్చే ధర. అడిగిన ధర దానికంటే ఎంత శాతం ఎక్కువో చూడండి. లెక్క తేలిగ్గా ఉండటానికి గ్రాము పదివేలు అనుకుందాం. లిబ్రాలో బంగారం 73,220 రూపాయలు. 80,000 అడిగితే ప్రీమియం తొమ్మిది శాతం పైన. ఐదో వంతులో బంగారం 14,640. దానికి 18,500 అడిగితే 26 శాతం. చిన్న నాణేలకు శాతం ఎప్పుడూ ఎక్కువే, అందుకని నేర్చుకోవడానికి ఒకటి రెండు చాలు, కుప్ప పోయకండి.

మామూలు సంవత్సరపు 100 సోళ్లకు భారీ ప్రీమియం ఇవ్వకండి. అరుదైన సంవత్సరానికి ఇవ్వాల్సిందే, కానీ అప్పుడు తేదీలోని అంకెలను మార్చారేమో భూతద్దంలో చూడాలి. ముఖ్యంగా చివరి అంకె చుట్టూ నేల గీకినట్టుందేమో. ఎన్ని నాణేలు వేశారో న్యూమిస్టా వెబ్‌సైట్‌లోనూ, ఎన్‌జీసీ ధరల పట్టికలోనూ ఉచితంగా చూడొచ్చు. వెతకడానికి కే.ఎం. నంబర్లు, అంటే క్రౌజ్–మిష్లర్ నాణేల కేటలాగు నంబర్లు వాడండి: లిబ్రా 207, ఇంకా తల 50 సోళ్లు 219, 100 సోళ్లు 231.

వేలంలో పాడేటప్పుడు వెనక నుంచి లెక్క కట్టండి. సుత్తి పడిన ధర మీద కొనుగోలుదారు రుసుము 20 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మీ చేతిలో లక్ష ఉండి, రవాణాకు, ఇన్సూరెన్సుకు నాలుగు వేలైతే, 96,000ను 1.2తో భాగించండి: 80,000. అక్కడ ఆగాలి. పాట వేడిలో ఈ అంకె కళ్లెదుట కాగితం మీద ఉండాలి.

7. ఎక్కడ కొనాలి, ఎలా తేవాలి

స్పెయిన్ కాలపు నాణేలకు అమెరికాలో డేనియల్ ఫ్రాంక్ సెడ్విక్, హెరిటేజ్, స్టాక్స్ బవర్స్, స్పెయిన్‌లో ఆవురేయో అండ్ కాలికో, కయోన్ వేలం సంస్థలు తెలిసిన పేర్లు. వాళ్ల పాత వేలాల ఫొటోలు, ధరలు చూడటమే పెద్ద చదువు. కొనకపోయినా మూడు నెలలు చూడండి.

అమెరికాలో ఉండేవాళ్లు తమ రాష్ట్రపు అమ్మకపు పన్ను చూసుకోవాలి. టెక్సాస్‌లో నాణేలకు లేదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఒక మెలిక ఉంది. 1800 తర్వాత వేసిన, 900 పాళ్లకు తగ్గని, ధర బంగారం విలువ కంటే 80 శాతం మించని నాణేలకే పెట్టుబడి బంగారం కింద వ్యాట్ మినహాయింపు. లిబ్రాలు, సోళ్లు ఇందులోకి వస్తాయి. 875 పాళ్ల ఎస్కుడోలు రావు. బిల్లులో వ్యాట్ ఎలా వేశారో కొనే ముందే అడగండి.

పెరూకే వెళ్లి కొందామనుకుంటే జాగ్రత్త. 2004 నాటి 28296 నంబరు చట్టం ప్రకారం సాంస్కృతిక వారసత్వం కిందికి వచ్చే వస్తువులను దేశం దాటించకూడదు, నాణేలూ అందులోకి రావచ్చు. పాత నాణెం కొంటే సాంస్కృతిక శాఖ అనుమతి పత్రం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. విమానాశ్రయంలో వివరించుకోవచ్చులే అనుకోకండి. నాణెం పోతుంది, కేసు మిగులుతుంది.

ఇండియాకు తెచ్చేటప్పుడు: ప్రయాణికులకు సుంకం లేకుండా ఇచ్చే పరిమితి నగలకే, నాణేలకు కాదు. రెడ్ ఛానెల్‌లో చూపించి సుంకం కట్టి రసీదు తీసుకోండి. కొరియర్‌లో తెప్పించడానికి ముందు ఆ రోజు నిబంధనలు కస్టమ్స్ వాళ్ల దగ్గరే తెలుసుకోండి, బంగారం దిగుమతి మీద ఆంక్షలున్నాయి, అవి తరచూ మారతాయి. విదేశాల్లో ఉండే తెలుగువాళ్లు ఇంకోటి గమనించాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఏ నాణెమైనా పురావస్తువే, ప్రైవేటు వ్యక్తులు దాన్ని ఇండియా నుంచి బయటికి తీసుకెళ్లడానికి లేదు. 1898 లిబ్రాను చూపించడానికి హైదరాబాద్ తెస్తే మళ్లీ డాలస్‌కు పట్టుకెళ్లడం చిక్కే. చూపించాలనుకుంటే ఫొటోలు చాలు.

8. ముట్టుకోవడం, దాచడం

ఎప్పుడూ అంచుతోనే పట్టుకోండి, కింద మెత్తటి గుడ్డ పరవండి. కడగొద్దు. ఇంట్లో బంగారం మెరవాలంటే కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో రుద్దడం మనకు అలవాటు. నగకు మంచిదే, నాణేనికి చావుదెబ్బ. బ్రష్షు చేసే వెంట్రుకంత గీతలు కంటికి కనిపించకపోయినా, పరీక్షించేవాళ్లు ‘శుభ్రం చేసినది’ అని ముద్ర వేస్తారు, ధర పడిపోతుంది. టూత్‌పేస్టు, చింతపండు, వెండి తళతళలాడించే ద్రావణాలు ఏవీ వద్దు. ఎర్రటి మచ్చలుంటే అవి కలిపిన రాగివి, ఉండనివ్వండి.

నాణ్యత చూస్తామని కంసాలి గీటురాయి తీస్తే నాణేన్ని వెనక్కి తీసుకోండి. రాయి మీద ఒక్క గీత, ఆమ్లం ఒక్క చుక్క చాలు. హాల్‌మార్క్ కేంద్రాల్లోని కంప్యూటర్ టచ్ యంత్రం నాణేన్ని గాయపరచదు, కాకపోతే అది చదివేది పైపొరనే. మందపాటి పూతను అది మేలిమి అనే చెబుతుంది. కాబట్టి దాన్ని నీళ్ల పరీక్షతో కలిపి చూడాలి, విడిగా కాదు.

దాచడానికి గట్టి యాక్రిలిక్ గుండ్రటి డబ్బీలు వాడండి. లిబ్రాకు 22 మిల్లీమీటర్లవి, 100 సోళ్లకు 37వి. అయినా మీ నాణేన్ని కొలిచాకే కొనండి. లోపల కదిలితే అంచు అరుగుతుంది. మెత్తగా, వాసన వేసే పీవీసీ కవర్లు కొన్నేళ్లకు ఆకుపచ్చ జిగురు కారుస్తాయి. విశాఖ, కాకినాడలాంటి ఉప్పుగాలి ఊళ్లలో పెట్టెలో సిలికా జెల్ పొట్లం పెట్టి, వానాకాలం ముందు మార్చండి.

బ్యాంకు లాకరు మంచిదే గానీ దాని హామీ ఎంతో తెలుసుకోండి. 2022 జనవరి నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, ఉద్యోగి మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లు మాత్రమే. అద్దె మూడు వేలైతే మూడు లక్షలు. ఒక్క 100 సోళ్ల నాణేనికే అది చాలకపోవచ్చు. మిగతాదానికి విడిగా ఇన్సూరెన్సు తీసుకోండి.

9. పుస్తకం రాయడం

నాణెం చేతికి వచ్చిన రోజే రాయండి. ఒక్కో నాణేనికి ఒక పేజీ: నాణెం పేరు, తేదీ, పొడి అక్షరాలు, 0.01 గ్రాము దాకా బరువు, అడ్డుకొలత, మందం, నీళ్ల పరీక్షలో వచ్చిన సాంద్రత, పెట్టె నంబరు ఉంటే అది, అమ్మినవాళ్లు, కట్టిన మొత్తం, ఆ రోజు గ్రాము బంగారం ధర. రెండు వైపులవీ, అంచుదీ ఫొటోలు తీయండి. ఏవైనా గీతలు, దెబ్బలు ఉంటే ‘తేదీకి ఎడమవైపు చిన్న నొక్కు’ అని మాటల్లో కూడా రాయండి. పోయిన నాణెం ఎప్పుడైనా మార్కెట్‌లో కనిపిస్తే అది మీదేనని చెప్పగలిగేది ఆ నొక్కు ఒక్కటే. బిల్లులు, సుంకం రసీదులు స్కాన్ చేసి ఇంట్లో ఉంచండి, అసలు కాగితాలను నాణేలున్న లాకరులో పెట్టకండి.